తెల్ల పంచె బూడిద రంగులో వస్తోంది: ఫొటోగ్రఫీ చదివి నేర్చుకోవాలా, తీసి నేర్చుకోవాలా?

కొత్తఫ్రేము (తాడేపల్లిగూడెం):

అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో డీఎస్‌ఎల్‌ఆర్ ఒకటి తీసుకున్నాను, కెమెరాతో పాటే ఇచ్చే 18–55 కిట్ జూమ్ లెన్స్‌తో. వీడియోలు చాలానే చూశాను. అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుగొచ్చే కంత (ఎఫ్ పక్కన అంకె పెరిగితే కంత చిన్నది), షట్టర్ అంటే వెలుగు పడే సమయం, ఐఎస్‌ఓ అంటే సెన్సర్ వెలుగుకి ఎంత స్పందిస్తుందో, మూడూ కలిస్తే ఎక్స్‌పోజర్ అని గడగడా చెప్పేస్తాను. మొన్న మా పిన్ని కూతురి ఓణీల ఫంక్షన్‌కి కెమెరా పట్టుకెళ్తే ఆ చదువంతా గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

రెండు సంగతులు అస్సలు అర్థం కాలేదు. మా తాతయ్య మల్లెపువ్వులాంటి పంచె కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. ఫొటోలో ఆ పంచె ఉతకనట్టు బూడిద రంగులో ఉంది. ఆటోలో పెట్టినా అంతే. రెండోది, స్టేజీ మీద తీసిన వాటిలో అడ్డంగా నల్లటి చారలు. కంటికి మాత్రం ఏ చారలూ కనిపించలేదు.

మా ఫ్రెండ్ వాళ్ల అన్నయ్య "పుస్తకాలు అవతల పడేసి వెయ్యి ఫొటోలు తియ్యి, అదే వస్తుంది" అంటున్నాడు. ఇంకొకాయన బేసిక్స్ రాకుండా వెయ్యి తీసినా వెయ్యి చెత్త ఫొటోలే అంటున్నారు. ఎవరి మాట వినాలి?

షాదీ_లైట్ (కరీంనగర్):

తమ్మీ, సూటిగ చెప్త. థియరీతోని పెండ్లి ఫొటో రాదు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు "పంతులుగారూ, జర ఆగుండ్రి, ఎక్స్‌పోజర్ లెక్కేస్తున్న" అంటె ముహూర్తం ఆగుతదా?

నేను షురూ చేసినప్పుడు మా ఉస్తాద్ కెమెరా చేతికియ్యలే. లైట్ స్టాండ్ పట్టుకొమ్మన్నడు. సీజన్ మొత్తం గదే పని. లైటు ఎంత ఎత్తుల ఉంటె ముక్కు నీడ పెదవి మీద పడ్తది, ఎంత పక్కకు జరిపితె కంట్ల మెరుపు పోతది, గది స్టాండ్ పట్టుకున్నోనికే తెలుస్తది. మీ దిక్కు సీనియర్ ఎవరన్న ఉంటె పోయి స్టాండ్ పట్టుకో. తెల్ల బట్టలకు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ల ప్లస్ ఒకటి పెట్టు, కెమెరా అనుకున్నదానికి రెట్టింపు వెలుగు తీస్కుంటది. అయిపాయె.

గుంటూరు_మాస్టారు:

ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయినవాణ్ణి, కాబట్టి థియరీ తరఫున ఒకరు మాట్లాడాలి కదా.

షాదీ_లైట్ గారి ప్లస్ ఒకటి సరైనదే. ఎందుకు సరైనదో తెలుసుకుంటే ఎప్పుడు పనికిరాదో కూడా తెలుస్తుంది. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌కి చేరేది వస్తువు మీద పడి వెనక్కి వచ్చిన వెలుగు మాత్రమే. మసక వెలుగులో ఉన్న తెల్ల గుడ్డ నుంచీ, మంచి వెలుగులో ఉన్న బూడిద గుడ్డ నుంచీ ఒకే మోతాదు వెలుగు రావచ్చు. ఏది ఏదో మీటర్ పోల్చుకోలేదు. అందుకని తయారీదారులు దానికి ఒక అంచనా పెట్టి పంపారు: ఎదురుగా ఉన్నదంతా కలిపి సగటు చేస్తే ఓ మోస్తరు బూడిద రంగుకి సమానమని. ఫొటోగ్రఫీలో వాడే గ్రే కార్డు తన మీద పడిన వెలుగులో 18 శాతం వెనక్కి పంపుతుంది, ఆ బూడిద అన్నమాట. ఉతికిన పంచె 80 శాతం పైనే పంపుతుంది. "అమ్మో, వెలుగు ఎక్కువైపోయింది" అనుకుని కెమెరా తగ్గించేస్తుంది. పంచె బూడిద అవుతుంది. నల్ల కోటు అయితే దీనికి తలకిందులు, వెలుగు పెంచి దాన్నీ బూడిదే చేస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడండి. మీటరింగ్ సెంటర్ వెయిటెడ్‌లో (ఫ్రేమ్ నడిభాగాన్ని ఎక్కువగా లెక్కలోకి తీసుకునే పద్ధతి) పెట్టి, ఒక తెల్ల తువ్వాలుని ఫ్రేమ్ అంతా నిండేలా తీయండి. తరువాత నల్ల గొడుగుని అలాగే తీయండి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి ఏది తువ్వాలో, ఏది గొడుగో మీ ఇంట్లోవాళ్లని అడగండి.

ఉప్పలపాడు_కొంగ:

మాస్టారు చెప్పిన కారణం పట్టుకోండి గానీ "తెలుపుకి ప్లస్ ఒకటి" అన్న ముక్క మాత్రం బట్టీ పట్టకండి. మా పక్షుల దగ్గర అది తిరగబడుతుంది.

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల చెరువులో తెల్ల కొంగ ఒకటి ముదురు ఆకుపచ్చ చెట్ల ముందు నుంచి ఎగురుతుందనుకోండి. ఫ్రేమ్‌లో కొంగ ఇంత, చీకటి చెట్లు అంత. మీటర్ సగటు చూసి వెలుగు చాల్లేదనుకుని పెంచేస్తుంది. రెక్కల మీద ఈకల గీత ఒక్కటి మిగలదు, సున్నం కొట్టినట్టు తెల్లగా పోతుంది. అక్కడ మైనస్ ఒకటి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ మైనస్ కావాలి. అదే కొంగ ఇంకాస్త పైకి లేచి ఆకాశం ముందుకొస్తే ఈసారి మీటర్ వెలుగు తగ్గిస్తుంది, పక్షి నల్లబడుతుంది. అప్పుడు ప్లస్.

నిజానికి కొంగ మీద పడే ఎండ మారలేదు, వెనక ఉన్నది మారింది. అందుకే నేను అన్నీ చేత్తో పెట్టుకునే మాన్యువల్‌లో ఉంటాను. షట్టర్ 1/1600కి తగ్గకుండా చూసుకుని, ఎండలో ఉన్న తెల్ల ఈకలకి సరిపడా ఒకసారి సెట్ చేసుకుంటే మబ్బు వచ్చేదాకా ముట్టుకోను.

షాదీ_లైట్ (కరీంనగర్):

వారెవ్వా కొంగన్నా! పెండ్లికొడుకు ఒక్కడు తెల్ల బట్టల్ల నిలబడి ఎనక అంత మెరూన్ కర్టెన్ ఉంటె నేను గూడ ప్లస్ పెట్టను. ఎందుకు పెట్టవురా అంటె చెప్పరాకపోతుండె. చెయ్యికి తెల్సు, నోటికి తెల్వదు.

అయినా నా మాట మీద నేనే ఉన్న. చెయ్యికి తెల్వాలె ముందుగాల.

కొత్తఫ్రేము (తాడేపల్లిగూడెం):

తువ్వాలు, గొడుగు ప్రయోగం చేశాను మాస్టారూ. మా చెల్లి రెండింటినీ "పాత దుప్పటి" అంది 😀 మరి స్టేజీ మీద చారల సంగతి?

గుంటూరు_మాస్టారు:

చారలకి కారణం కరెంటు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ఒక్కో ఆవృత్తిలో రెండు శిఖరాలు, కాబట్టి దాని మీద వెలిగే దీపం సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. పాత ఫిలమెంట్ బల్బులో తీగ వేడి అంతలోనే చల్లారదు, అందుకని తేడా పెద్దగా తెలిసేది కాదు. చవక ఎల్‌ఈడీలు దాదాపు ఆరి వెలుగుతాయి.

ఇక షట్టర్. 1/500లో సెన్సర్ మొత్తానికీ ఒకేసారి వెలుగు తగలదు. సన్నటి చీలిక ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకి జరుగుతూ పోతుంది. దీపం వెలిగినప్పుడు చీలిక కింద ఉన్న వరసలు తెల్లగా, ఆరినప్పుడు ఉన్నవి నల్లగా వస్తాయి. అవే మీ చారలు. షట్టర్ 1/100 గానీ 1/50 గానీ పెడితే ప్రతి వరసకీ ఒక హెచ్చుతగ్గు పూర్తిగా అందుతుంది, చారలు పోతాయి. కొన్ని కెమెరాల్లో యాంటీ ఫ్లికర్ అని మెనూలోనే ఉంటుంది, చూడండి.

ఒక మెలిక ఉంది. వెనక ఉన్నది దీపాలు కాకుండా ఎల్‌ఈడీ తెర అయితే దానికి కరెంటుతో సంబంధం లేని వేరే వేగం ఉంటుంది. అక్కడ ఈ లెక్క కుదరకపోవచ్చు. షట్టర్‌ని ఒక్కో మెట్టు మారుస్తూ చారలు తగ్గే చోటు వెతుక్కోవలసిందే. అది షాదీ_లైట్ గారి శాఖ.

షాదీ_లైట్ (కరీంనగర్):

గదంతే. వరపూజకు ముందే ఖాళీ స్టేజీ మీద నాలుగు షట్టర్లు కొట్టి చూసుకుంట.

డల్లాస్_చీకటిగది:

మాస్టారి లెక్కకి చిన్న చేర్పు. ఇక్కడ కరెంటు 60 హెర్ట్జ్, కాబట్టి మేం 1/60, 1/120 అంటాం. ఇండియాలో పెళ్లికి వచ్చి ఇక్కడి అలవాటుతో తీసేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

అసలు ప్రశ్నకి వస్తే, నేను ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో బ్లాక్ అండ్ వైట్ డార్క్‌రూమ్ క్లాసులో చేరాను. ఈ చర్చలో ఇంకా ఎవరూ ఎత్తని విషయం అక్కడ చూశాను. ప్రింటు గోడకి గుచ్చాలి. తీసినవాళ్లు నోరు మెదపకూడదు. మిగతావాళ్లు ముందుగా తమకి ఏం కనిపిస్తోందో చెప్పాలి. బాగుంది, బాలేదు అనడం తరువాత. మా అమ్మ పూజగది ఫొటోలో నాకు దీపమే కనిపించేది. మిగతా అందరి కళ్లూ మూలనున్న ప్లాస్టిక్ బకెట్ మీదకే పోయాయి. అపర్చర్ లెక్క ఎంత తెలిసినా ఆ బకెట్ నాకు కనపడదు, ఇంకో వెయ్యి ఫొటోలు తీసినా కనపడదు. ఇంకొకరి కళ్లు కావాలి.

పంచె గురించి ఇంకో మాట. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో లాస్ ఏంజిలిస్‌లో ఒక పద్ధతి తయారు చేశారు. జోన్ సిస్టమ్ అంటారు. ఇద్దరూ అక్కడి ఆర్ట్ సెంటర్ స్కూల్లో పాఠాలు చెప్పేవాళ్లే. నలుపు నుంచి తెలుపు దాకా 0 నుంచి 10 వరకు 11 మెట్లు, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఒక స్టాపు, అంటే వెలుగు రెట్టింపు. మాస్టారు చెప్పిన బూడిద 5వ మెట్టు. నేత కనిపించే తెలుపు 7, ఏమీ మిగలని తెల్ల కాగితం 10. ఫ్రేమ్‌లో చిన్న చోటునే చూసే స్పాట్ మీటర్‌తో పంచెనే కొలిస్తే కెమెరా దాన్ని 5లో పెడుతుంది. నీకు 7 కావాలి. అంటే ప్లస్ రెండు. ఫ్రేమ్‌లో పంచెతో పాటు కుర్చీ, గోడ, మనుషులు కూడా ఉన్నప్పుడు మీటర్ అప్పటికే కొంత సర్దుకుంటుంది కాబట్టి షాదీ_లైట్ అన్న ప్లస్ ఒకటి సరిపోతోంది. రెండూ ఒకటే లెక్క.

పాత_స్టూడియో (తెనాలి):

ఆలస్యంగా వచ్చాను. మా నాన్న పెట్టిన స్టూడియో, తరువాత నేను నడిపాను. ఇప్పుడు మా అబ్బాయి పాస్‌పోర్ట్ ఫొటోలు, ఆల్బమ్ డిజైనింగ్ చూసుకుంటున్నాడు.

వెయ్యి ఫొటోలు తియ్యమనే సలహా మెమొరీ కార్డు వచ్చాక పుట్టింది. మాకు 120 రోల్‌లో 6×6 కెమెరాకి 12 ఫ్రేములు. 35 ఎంఎం అయితే 36. ఒక్కోదానికీ డబ్బు. అందుకని నొక్కే ముందే ఏం వస్తుందో మనసులో అచ్చు వేసుకోవలసి వచ్చేది. మీటర్ లేని కెమెరాలే ఎక్కువ. ఫిల్మ్ డబ్బాలో ఒక చీటీ వచ్చేది: మంచి ఎండలో ఎఫ్/16, షట్టర్ ఫిల్మ్ వేగానికి దగ్గరది. 100 ఫిల్మ్ అయితే 1/125. నీడలు మెత్తబడితే ఎఫ్/11. నీడ పడకపోతే ఎఫ్/8. బాగా మబ్బు పట్టినా, ఆకాశం కనిపించే నీడలో ఉన్నా ఎఫ్/5.6. ఆ చీటీయే మా థియరీ. మీ డిజిటల్ కెమెరాలో ఐఎస్‌ఓ 100 పెట్టి ఇప్పుడు బయటికెళ్లి కొట్టి చూడండి, చెక్కుచెదరదు.

మా నాన్న నాతో చేయించిన పని ఒకటి చెప్తాను. రోజూ కనీసం ఒకసారి, కెమెరా కంటికి పెట్టకముందే ఎక్స్‌పోజర్ ఎంతో నోట్‌బుక్‌లో రాయాలి. "పొద్దున, వరండా, తూర్పు వెలుగు, ఎఫ్/4, 1/60" అని. ఆ తరువాతే మీటర్ చూడాలి. తేడా వస్తే పక్కన కారణం రాయాలి. కారణం తెలియకపోతే ప్రశ్నార్థకం పెట్టి వదిలెయ్యాలి. నేను పుస్తకాలు తెరిచింది ఆ ప్రశ్నార్థకాల కోసమే. మొదటి పేజీ నుంచి ఏ పుస్తకమూ చదవలేదు.

నువ్వు వీడియోలు చూశావు బాబూ, కానీ నీ దగ్గర ప్రశ్న లేకుండా చూశావు. ఇప్పుడు పంచె, చారలు అని రెండు ప్రశ్నలు తెచ్చుకున్నావు. ఈ మాస్టారు చెప్పింది ఇక మర్చిపోగలవా?

డార్క్‌రూమ్ మాట వచ్చింది కాబట్టి: బొమ్మని పైకి తెచ్చే డెవలపర్ ద్రావణానికి లెక్క 20 డిగ్రీలు. తెనాలిలో మే నెలలో తొట్టి నీళ్లే 30 దాటేవి. ఐస్ తెచ్చి బయటి ట్రేలో వేసి, లోపల డెవలపర్ ట్రే పెట్టేవాళ్లం. ఐస్ నేరుగా డెవలపర్‌లో వేస్తే పలచబడి చస్తుంది. చల్లబరచడానికి ఓపిక లేని రోజున టైమ్ తగ్గించేవాళ్లం. చీటీలో రాసిన నిమిషాలు మన ఊరి ఎండలకి రాసినవి కావుగా.

ఫోన్‌చాలు (అనంతపురం):

అన్నా, కెమెరా కొనే స్తోమత లేదు నాకి. ఫోన్‌తోనే నేర్చుకునేకి అవుతుందా? లేకపోతే ఈ ఎఫ్/16లు, ఎఫ్/4లు నాకి కానే కాదా?

ఓరుగల్లు_అక్క:

ఎందుకు కాదు తమ్ముడూ. చాలా ఫోన్లలో అపర్చర్ మారదు, ఒకటే ఉంటుంది. సెన్సర్ చిన్నది కాబట్టి దూరంగా ఉన్నదీ దగ్గరగా ఉన్నదీ దాదాపు అంతా స్పష్టంగా వస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనక మసక చేసేది సాఫ్ట్‌వేర్. జడలో మల్లెపూల అంచు దగ్గర జూమ్ చేసి చూడు, సగం పూలు మసకలో కలిసిపోయి ఉంటాయి. అపర్చర్ పాఠం ఒక్కటీ వదిలేస్తే మిగతావన్నీ నీవే. ప్రో మోడ్‌లో షట్టర్, ఐఎస్‌ఓ నీ చేతిలోనే ఉంటాయి. తెర మీద వేలు పెట్టి పైకీ కిందికీ జరిపే సూర్యుడి గుర్తు ఉంది చూడు, పైన వీళ్లంతా కొట్లాడుకుంటున్న ప్లస్, మైనస్ అదే. వెలుగు ఎటు నుంచి పడుతుందో చూడటానికి ఏ కెమెరా అక్కర్లేదు.

అందరూ ఎక్స్‌పోజర్ సరిగ్గా రావడం గురించే మాట్లాడుతున్నారు. నాకు షట్టర్ అర్థమైంది బతుకమ్మ దగ్గర. హనుమకొండ వెయ్యి స్తంభాల గుడి ఆవరణలో సాయంత్రం బతుకమ్మలు నడుమ పెట్టి చుట్టూ తిరుగుతుంటే, ట్రైపాడ్ మీద కెమెరా, ఎఫ్/5.6, షట్టర్ మార్చినప్పుడల్లా వెలుగు సరిపోయేలా ఐఎస్‌ఓ కూడా మారుస్తున్నా. 1/30 పెడితే చెయ్యి వణికి చెడిపోయిన ఫొటోలా ఉంది. అర సెకను పెడితే మనుషులే లేరు, చీరల రంగులు తేలుతున్నాయి. 1/8 దగ్గర చప్పట్లు కొట్టే చేతులు కరిగి, ముఖాలు పోల్చుకునేంత మిగిలి, నడుమ పూలు కదలకుండా నిలిచాయి. ఈ 1/8 ఏ పుస్తకంలో ఉంటుంది? ఆడవాళ్లు ఎంత వేగంగా తిరుగుతున్నారు, నేను ఎంత దూరంలో నిలబడ్డాను అన్నదాన్ని బట్టి మారిపోతుంది. వంగి లేచే పాటకు ఒకటి, నెమ్మది పాటకు ఒకటి. ఫ్లాష్ రియర్ కర్టెన్‌లో పెడితే షట్టర్ మూసుకునే ముందు వెలిగి, మసక అంతా వెనక తోకలా ఉండి మనిషి ముందు స్పష్టంగా నిలుస్తుంది. మామూలు పద్ధతిలో అయితే మసక మనిషికి ముందుకొస్తుంది, వెనక్కి నడుస్తున్నట్టు ఉంటుంది.

కాబట్టి పాత_స్టూడియో బాబాయ్ నోట్‌బుక్ నాకు నచ్చింది గానీ, అది ఒకే సరైన జవాబు ఉన్న ప్రశ్నలకే. ఇట్లాంటి వాటికి ఆడుకోవాలె.

షాదీ_లైట్ (కరీంనగర్):

అక్కా, బతుకమ్మల ఆడోళ్ల ఫొటోలు అడగకుండ తీస్తె కొట్టరా?

ఓరుగల్లు_అక్క:

ముందు గంట సేపు నేనూ ఆడతా. తరువాత తీస్తా. ప్రింట్లు తెచ్చి ఇస్తా. కెమెరా పట్టుకున్న మగపిల్లలకు ఆ సౌకర్యం లేదు కాబట్టి దూరం నుంచి టెలీ లెన్స్‌తో దొంగచాటుగా తీస్తారు, ఫొటోలూ దొంగచాటుగానే ఉంటాయి.

పాత_స్టూడియో (తెనాలి):

అమ్మాయి మాట ఒప్పుకుంటున్నాను. సరైన జవాబు లేనిచోట నోట్‌బుక్ ఏం చేస్తుంది.

ఉస్తాద్ గొప్పా, చదువు గొప్పా అంటున్నారు కదా, మన సికింద్రాబాద్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) సంగతి చూడండి. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రభుత్వ పనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. గీతలు, కొలతలు అప్పటికే చేతిలో ఉన్నాయి. కెమెరా ఆ తరువాత. 1880ల్లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. 1892లో హైదరాబాదులో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టించాడు, లోపల కెమెరా పనంతా చూసింది ఒక ఇంగ్లీషు ఆవిడ. ఆయన గాజు పలకల నెగటివ్‌లు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఆయన గ్రూప్ ఫొటో దొరికితే ముఖాలు చూడటం ఆపి నీడలు చూడండి. మెట్ల మీద అంతమందిని నిలబెట్టి ఒకరి నీడ ఇంకొకరి ముఖం మీద పడకుండా చేయడం చూస్తే డ్రాఫ్ట్స్‌మన్ కనిపిస్తాడు.

కొత్తఫ్రేము (తాడేపల్లిగూడెం):

అయితే కోర్సులో చేరడం మంచిదా? రా ఫైల్‌లో తీయాలా?

డల్లాస్_చీకటిగది:

రా తియ్యి, సెన్సర్ పట్టినదాన్ని కుదించకుండా ఉంచే ఫైల్ అది. 14 బిట్ ఫైల్‌లో ఒక్కో రంగుకి 16,384 మెట్లు, జేపెగ్‌లో 256. తాతయ్య పంచె మడతలు వెనక్కి లాగాలంటే ఆ మెట్లు కావాలి. పూర్తిగా తెల్లగా పోయినదాన్ని మాత్రం రా కూడా తిరిగి తేలేదు.

గుంటూరు_మాస్టారు:

కోర్సు సంగతి: ఇదే వృత్తి అనుకుంటే హైదరాబాదు మాసబ్‌ట్యాంక్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. డిగ్రీ అయ్యాక గాంధీనగర్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీలో ఫొటోగ్రఫీ డిజైన్ ఉంది. వారాంతపు వర్క్‌షాప్‌లకి డబ్బు కట్టే ముందు అక్కడ మన ఫొటోలు చూసి మాట్లాడతారా, వాళ్ల ఫొటోలు చూపించి పంపిస్తారా అని అడగండి. ఇంతకు మించి నాకు చెప్పాలని లేదు.

దానికన్నా ముందు ఒక హోంవర్క్. వెలుగు దూరం వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుందని టెన్త్‌లోనో ఇంటర్‌లోనో చదివి ఉంటారు. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతు, అంటే రెండు స్టాపులు. తాతయ్యగారిని కిటికీకి 3 అడుగుల దూరంలో కూర్చోబెట్టి పంచె మీద స్పాట్ మీటర్‌తో రీడింగు తీసుకోండి. తరువాత 6 అడుగుల దూరంలో తీసుకోండి. ఎంత రావాలో ముందే రాసుకోండి, తెనాలి వారి పద్ధతిలో. కిటికీలోంచి నేరుగా ఎండ పడని వేళ చూసుకోండి.

షాదీ_లైట్ (కరీంనగర్):

తాతయ్యకు చాయ్ పోసి కూసోబెట్టు తమ్మీ. పనిల పని, 18 దగ్గర పెట్టి ముఖం దగ్గరికి పోయి ఒకటి, 55 దగ్గర పెట్టి ముఖం అంతే సైజు వచ్చేటట్టు ఎనకకు జరిగి ఒకటి తియ్యి. మొదటిదాంట్ల ముక్కు బుర్రంత అయితది. చానామంది లెన్స్‌ను తిడ్తరు. లెన్స్ కాదు, నువ్వు నిలబడ్డ దూరం.

కొత్తఫ్రేము (తాడేపల్లిగూడెం):

చేశాను. ముక్కు ఫొటో చూసి తాతయ్య ఇంక కూర్చోనన్నారు, రీడింగులు ముందే తీసుకున్నాను కాబట్టి బతికిపోయాను.

ఐఎస్‌ఓ 400, ఎఫ్/5.6 కదపలేదు. 3 అడుగుల దగ్గర 1/125. మాస్టారి సూత్రం ప్రకారం 6 అడుగుల దగ్గర 1/30 రావాలి, అదే రాసుకున్నాను. వచ్చింది 1/40! రెండు స్టాపులు కాదు, ఒకటిన్నర దాటి ఇంకాస్త. రెండోసారి చూసినా అంతే. మబ్బు కూడా లేదు. సూత్రం తప్పా, నేను కొలవడం తప్పా?

గుంటూరు_మాస్టారు:

రెండూ తప్పు కాదు. ఇది వస్తుందనే చెప్పకుండా ఊరుకున్నాను.

ఆ సూత్రం బిందువు లాంటి చిన్న దీపానికి. మీ కిటికీ కొలత ఎంత?

కొత్తఫ్రేము (తాడేపల్లిగూడెం):

నాలుగడుగులు, అటూ ఇటూ దాదాపు సమానం.

గుంటూరు_మాస్టారు:

అయితే వెలుగు వచ్చే చోటే నాలుగడుగుల వెడల్పు, మీరు మూడడుగుల దూరంలో ఉన్నారు. దాన్ని బిందువు అనలేం. గుండ్రటి కిటికీ అనుకుని ఉజ్జాయింపు లెక్క వేద్దాం: దూరం వర్గానికి కిటికీలో సగం కొలత వర్గం కూడా కలపాలి. సగం కొలత 2 అడుగులు. 3 అడుగుల దగ్గర 9కి 4 కలిపితే 13. 6 అడుగుల దగ్గర 36కి 4 కలిపితే 40. 40ని 13తో భాగిస్తే 3 చిల్లర. నాలుగు రెట్లు కాదు, మూడు రెట్లే తగ్గింది. మీ 125ని 40తో భాగించి చూడండి.

కిటికీకి 20, 30 అడుగులు దూరం వెళ్తే పాత సూత్రమే మళ్లీ పనిచేస్తుంది, అక్కడికి కిటికీ చిన్నదైపోతుంది గనక.

షాదీ_లైట్ (కరీంనగర్):

ఓ మాస్టారూ! గందుకేనా, ఫ్లాష్ ముందల తెల్ల గుడ్డ కట్టిన పెద్ద సాఫ్ట్‌బాక్స్ దగ్గర పెడితె పిల్ల అటూ ఇటూ జర కదిలినా ఎక్స్‌పోజర్ గంతగనం మారదు, ఒట్టి ఫ్లాష్ దగ్గర పెడితె అడుగు జరిగినా తెల్లగ పోతది?

గుంటూరు_మాస్టారు:

అందుకే. మీ చెయ్యికి తెలిసినదాన్ని ఈ అబ్బాయి కొలిచి పెట్టాడు.

కానీ నాకింకో సందేహం ఉంది. గదిలో గోడలు తెల్లగా ఉంటే వెనక్కి కొట్టిన వెలుగు కలిసి 6 అడుగుల దగ్గర ఇంకా ఎక్కువ రావాలి. 1/50 వచ్చినా ఆశ్చర్యపోను. మీ గోడలకి ఏ రంగు వేశారు?

కొత్తఫ్రేము (తాడేపల్లిగూడెం):

ముదురు ఆకుపచ్చ. మా మావయ్య సెలక్షన్.

ఆగండి మాస్టారూ. ఫొటోలో పంచె కిటికీ వైపు బానే ఉంది గానీ రెండో వైపు మడతల్లో పచ్చగా ఉంది. తెలుపు తెల్లగా వచ్చేలా రంగు సర్దే వైట్ బ్యాలెన్స్ ఎంత మార్చినా పోవట్లేదు. ఆ వైపు సరిచేస్తే కిటికీ వైపు గులాబీగా మారుతోంది. అది గోడేనా?

పాత_స్టూడియో (తెనాలి):

గోడే. కిటికీ వైపు ఆకాశం వెలుగు, రెండో వైపు మీ మావయ్య గోడ వెలుగు. రెండు రంగుల వెలుగుని ఒక్క వైట్ బ్యాలెన్స్ సర్దలేదు. పెళ్లిళ్లలో రంగు షామియానా కింద తీసిన ముఖాలన్నిటికీ పట్టే జబ్బు ఇదే.

కిటికీకి ఎదురు గోడకి ఉతికిన తెల్ల దుప్పటి ఒకటి కట్టు. పచ్చదనం పోతుంది, రెండో వైపు నీడా మెత్తబడుతుంది. తాతయ్య ఈసారి ఒప్పుకోకపోతే కుర్చీ మీద పంచె ఒక్కటే పరిచి చూడు. 6 అడుగుల రీడింగు మళ్లీ తీసి ఇక్కడ పెట్టు, మాస్టారు 1/50 అన్నారుగా, చూద్దాం.